తొమ్మిదో పాట కోసం చంద్రపూర్‌కు

మా తమ్ముడు మళ్లీ పాటలు మొదలుపెట్టాడన్న వార్త నాకు మొదట చెప్పింది మా లక్కడ్‌కోట్‌లో పిండిగిర్ని నడిపే సాయన్న. జొన్నలు పట్టించడానికి పోయాను. గిర్ని ఆపి మరీ చెప్పాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు తిడుతున్నా ఆపాడంటే అది చిన్న వార్త కాదని అప్పుడే అనుకున్నాను.

"సుశీలక్కా, మీ సదానందం మల్ల ఒర్లుతుండట గదా! ఫోన్ల చూసిన. నెత్తి మీద ఎంటికల్లేవు గని, గొంతు గట్లనే ఉన్నది."

ఆ గొంతు సంగతి కొంచెం చెప్పాలి. ముప్ఫై ఏళ్ల కిందట చంద్రపూర్ గని కాలనీలో నలుగురు కుర్రాళ్లు కలిసి 'సబ్బల్' అని ఒక పాటల బృందం పెట్టారు. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసే పొడుగాటి ఇనుప కడ్డీని సబ్బల్ అంటారు. వాళ్ల పాటలను థ్రాష్ మెటల్ అంటారట. నాకు అర్థమైనంతవరకు రెండు గిటార్లు రెండు రైళ్లలా పందెం వేసుకుంటాయి, వెనక నుంచి డ్రమ్ములు తరుముతాయి, పట్టాల మీద నిలబడి మా తమ్ముడు కేకలు పెడతాడు. తొమ్మిది పాటల కేసెట్ ఒకటి తెచ్చారు. తర్వాత పెళ్లిళ్లు, డ్యూటీలు, మోకాళ్ల నొప్పులు వచ్చి అందరూ ఎక్కడివాళ్లక్కడ అయిపోయారు. ఇప్పుడు ఎవరో ఆ పాత కేసెట్‌ను ఫోన్లలో పెడితే నాగ్‌పూర్, పుణె పిల్లలు విని, ఈ తాతలు ఇంకా ఉన్నారా అని అడిగారట. అడిగితే చాలదా! దీనికీ తొమ్మిది కొత్త పాటలు కావాలని లెక్కవేసుకుని రెండో ఆల్బమ్ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, నువ్వు రావాలె. నువ్వు రాకుంటే ఆల్బమ్ ఆగుతది."

"నేనేం వాయించాలెరా, పూజ గంటనా?"

"వాయించుడు గాదక్కా. చదువుడు."

పాటలన్నీ రాసింది ఓదెలు. మంచిర్యాల వైపు నుంచి వచ్చి గనిలో పంపు నడిపేవాడు. బృందంలో తెలుగు బడిలో చదువుకున్నది ఆయన ఒక్కడే. మూడేళ్ల కిందట జబ్బు చేసి పోయాడు. మిగిలిన ముగ్గురికీ ఆయన ఉన్నప్పుడు నేర్పిన పాటలు ఏడు నోటికి వచ్చు. ఎనిమిదోది ఎలాగో సంపాదించామని తమ్ముడు అన్నాడు, ఎలాగో మాత్రం చెప్పలేదు. తొమ్మిదోది, ఓదెలు చివరగా రాసినది, ఆయన నోటుబుక్కులో ఉంది. నోటుబుక్కు ఆయన భార్య బాలమ్మ పెట్టెలో ఉంది. పెట్టె తాళం ఆమె మెడలో ఉంది.

బాలమ్మకు చదువు రాదు. ఆ కేసెట్ వచ్చిన రోజుల్లో కాలనీ భజన వాళ్లు అవి దయ్యం పాటలని ఆమెను పక్కన కూర్చోనివ్వలేదట. ఏం రాస్తున్నావని అడిగితే ఓదెలు నవ్వి ఊరుకునేవాడట. ఇప్పుడు పుస్తకం ఇమ్మంటే ఆమె ఒక్కటే మాట అంది: అందులో పాపపు మాట లేదని సుశీల వదినె చదివి చెప్పాలి. ఫోన్ పెడితే అదే చదువుతుందని తమ్ముడు చెప్పి చూశాడట. "ఫోన్‌కు పాపం పుణ్యం ఎర్కనా?" అందట.

నాకైతే ఎరుకనా? నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. మా నాయన గని డ్యూటీ దిగి, స్నానం చేసి, తలుపు వెనక సుద్దతో నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు. మరాఠీ బడికి పోయిన తమ్ముడికి నేర్పే ఓపిక అప్పటికి ఆయనకు మిగల్లేదు. ఆ తలుపు చదువుతోనే పెళ్లికి ముందూ, పుట్టింటికి వచ్చినప్పుడూ కాలనీలో భజనలు చదివాను. అది బాలమ్మ మరిచిపోలేదు. నాయనకు చేతులు జోడించి బయలుదేరాను.

మాఘమాసం, చలి ఇంకా వదల్లేదు. రాజురా బస్సు ఏడింటికి రావాలి, ఏడుంపావుకు వచ్చింది. నేనూ ఏడుంపావుకే వచ్చాను కాబట్టి ఆ ఆలస్యాన్ని దేవుని దయ అనే అనుకున్నాను. సంచిలో జొన్నరొట్టెలు, పుంటికూర పచ్చడి, రెండు జతల కళ్లద్దాలు. ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే పొద్దున ఎండ కళ్లలో పడదు.

మా మరాఠీ రాష్ట్రం బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్టే. డెబ్భై అయిదేళ్లు దాటితే అదీ లేదు. కండక్టర్ నన్ను పైనుంచి కిందికి చూసి, "మావ్‌శీ, డెబ్భై అయిదు దాటినయా? దాటితే ఫుకట్" అన్నాడు.

"ఇంక పద్నాలుగేండ్లున్నయ్ నాయనా."

"అయితే ఇయ్యాల హాఫ్. పద్నాలుగేండ్లయినంక నేనే ఎక్కించుకపోత."

పక్కన మెంతికూర మూటతో కూర్చున్న ఆమె అడిగింది: "ఏడికి వదినె?"

"తమ్ముని పాటలకు."

"పెండ్లి పాటలా?"

"కాదు, ఊరికెనే ఒర్లే పాటలు."

ఆమె ఒళ్లో మూట సర్దుకుంది. "మా ఇంటాయన గూడ గట్లనే. పాట ఉండదు గంతే" అంది.

ఎనిమిదిన్నరకు రాజురా. పత్తి ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి, రోడ్డంతా దూది. స్టాండులో ఆలుబొండాలు అప్పుడే నూనెలోంచి తీస్తున్నారు. అమ్మవారి దర్శనం కాకుండా నేను ఏమీ తినను కాబట్టి చహా మాత్రం తాగాను. చహా తినడం కిందికి రాదన్నది నాకు నేను చేసుకున్న చట్టం. తొమ్మిదింటికి చంద్రపూర్ బస్సు దొరికింది. వర్ధా వంతెన మీద నదికి దణ్ణం పెట్టుకున్నాను. కాగితం మిల్లు వాసన తగిలి, కిటికీలు టపటపా మూతపడ్డాయంటే బల్లార్‌పూర్ వచ్చినట్టే; స్టాపు పేరు ఎవరినీ అడగనక్కర్లేదు.

పది దాటాక చంద్రపూర్‌లో దిగి, షేర్ ఆటోలో నేరుగా మహాకాళి గుడికి పోయాను. మంగళవారం కాదు కాబట్టి జనం తక్కువ. అమ్మవారిని రెండు కోరాను. ఆ పుస్తకంలో చదవలేని మాట ఏదీ లేకుండా చూడమని ఒకటి. ఉంటే గనక నాకు అబద్ధమాడే బుద్ధి పుట్టకుండా చూడమని రెండోది. రెండోదే కష్టమైనదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తమ్ముడి ఇంట్లో మరదలు విజయ వేడి వేడి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. "పొద్దున మిరియాల కషాయం, మాపటికి ఒర్లుడు. మా ఇంట్ల కుక్కర్ సీటి ఇనవడక పప్పు ఎన్నిసార్లు మాడిందో లెక్కలేదు వదినె" అంది. తమ్ముడు గొంతుకు మఫ్లర్ చుట్టుకుని, మాట ఖర్చు చేయకుండా చేతులతో కూర అడిగాడు.

ఒకటిన్నరకు వాళ్లు వాయించుకునే గదికి తీసుకుపోయాడు. డ్రమ్ములు వాయించే మెహబూబ్ భాయ్‌కి టైర్ల దుకాణం ఉంది. వెనక గదిలో గోడలకు పాత పరుపులు, గుడ్ల అట్టలు కొట్టి చప్పుడు బయటికి పోకుండా చేశారు. గిటార్ వాయించే విలాస్ బ్యాంకు గుమాస్తా. మోకాలికి పట్టీ కట్టుకున్నాడు. ఓదెలు వాయించే గిటార్ పని కూడా ఇప్పుడు ఆయనే చూస్తున్నాడు. అందరివీ నల్ల చొక్కాలు, ప్రతి చొక్కా మీదా ఒక పుర్రె.

"ఆపా, పుర్రె చూసి భయమైందా?" అన్నాడు మెహబూబ్ భాయ్.

"ఒక్క పుర్రెకేనా? ఇప్పుడే దండ ఏసుకున్న అమ్మను చూసొస్తున్న."

ఆ ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, వెంటనే నాకు కుర్చీ వేశారు.

నేను మా చేను దూది చెవుల్లో పెట్టుకున్నాను. పాటకూ పాటకూ నడుమ మెహబూబ్ భాయ్ షుగర్ మాత్ర వేసుకుంటాడు, విలాస్ కాలు చాపుకుంటాడు, తమ్ముడు కషాయం తాగుతాడు. ఆ తర్వాత ముగ్గురూ లోకం తగలబడిపోయేట్టు వాయిస్తారు. ఎనిమిదో పాటకు మాత్రం లేచి నిలబడ్డారు.

"పంపు కారుతుంది! బంద్ చెయ్యకు! బంద్ చేస్తే నీళ్లెక్కుతయ్! నిన్న నింపలె! నిన్న నింపలె!" అని తమ్ముడు మెడ నరాలు తేలేట్టు అరిచాడు.

దూది తీసి అర్థం అడిగాను.

"చాలా లోతు ఉంది తాయీ" అన్నాడు విలాస్. "పంపు అంటే గుండె. నీళ్లంటే ఈ జమానా. 'నిన్న నింపలె' అంటే మన గడిచిన కాలమంతా ఖాళీ అని."

అంత లోతు నాకు అందలేదు. ఓదెలు చదువుకున్నవాడు కదా అనుకుని ఊరుకున్నాను.

నాలుగింటికి నలుగురం బాలమ్మ ఇంటికి పోయాం. ఓదెలు పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, కాలనీ పక్క బస్తీలో రెండు గదుల్లో ఉంటోంది. అంగన్‌వాడీలో వంట చేస్తుంది. మగవాళ్ల మొహాలు చూడకుండా నా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, దేవుని పటం ముందు నిలబెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు చదువుతనని అను వదినె."

అన్నాను. అప్పుడు తాళం తీసింది. పాత చీరలో చుట్టిన పొడుగాటి నోటుబుక్కు, ప్రతి పేజీ అంచునా బొగ్గు వేలిముద్రలు. ఓదెలు అక్షరాలు గుండ్రంగా, ఓపికగా ఉన్నాయి. రొద పాటలు రాసేవాడి చేతి రాతలా లేవు. పంపు పక్కన ఒక్కడే ఎనిమిది గంటలు కూర్చునేవాడికి తొందర ఎందుకుంటుంది?

చదవడం మొదలుపెట్టాను. ఊడిపడిన రాయి మీద ఒక పాట, చలానా రాసిన సాబు మీద ఒకటి, ఎండలో చల్లటి నీళ్ల మీద ఒకటి. కోపం ఉంది కానీ బూతు లేదు. బాలమ్మ ఒక్కో పేజీకి ఊపిరి వదులుతోంది. అయిదో ఆరో పేజీ తిప్పేసరికి గబగబా గీతలు గీసి రాసిన ఒక కాగితం వచ్చింది. చదివాను:

"రెండో షిఫ్టు మల్లయ్యకు. రెండో పంపు కారుతుంది. బంద్ చెయ్యకు. బంద్ చేస్తే నీళ్లెక్కుతయ్. తాగే నీళ్ల డబ్బా నింపి పెట్టు. నిన్న నింపలె. ఇట్లు, ఓదెలు."

తల ఎత్తాను. ముగ్గురు మగవాళ్లూ నేల చూస్తున్నారు.

"ఇది పాట గాదురా. కింద సంతకం గూడ ఉన్నది."

"మల్లయ్య పేరు, సంతకం ఫోటోల రాలె అక్కా" అన్నాడు తమ్ముడు సన్నగా.

"ఏం ఫోటో?" అంది బాలమ్మ.

ఇక దాచడం ఎట్లా? పోయిన నెల ఆమె ఈ పుస్తకాన్ని ఒక్క నిమిషం చూపించి చహా పెట్టడానికి లోపలికి పోయినప్పుడు, వీడు చేతికి దొరికిన పేజీ ఫోటో తీశాడు. ఫోన్ చదివితే మరాఠీ అక్షరాల్లో రాసుకున్నాడు. నెల రోజులు దాని మీద ట్యూన్ కట్టారు.

"నా చహా తాగుకుంట దొంగతనం జేసినవా సదన్నా?" అంది బాలమ్మ. "జేస్తే ఏం దొరికింది? మల్లయ్య నీళ్ల డబ్బా!"

ఆమె నవ్వు మొదట ముక్కులో మొదలై, భుజాల్లోకి దిగి, చివరికి కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా వచ్చింది.

"నేను అప్పుడే అన్న, ఇది డ్యూటీ కాయితం లెక్క కొడుతుందని" అన్నాడు మెహబూబ్ భాయ్.

"నువ్వు అనలే. నువ్వు ఏడ్చినవ్" అన్నాడు విలాస్.

ఆ పాట తీసేస్తామని తమ్ముడు అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఉండనియ్యుండ్రి. మల్లయ్య ఇంక బతికే ఉన్నడు. ఇనని. జర సిగ్గన్న అయితది."

అందరం నవ్వుతూనే చివరి పేజీకి వచ్చాం. తొమ్మిదో పాట అదే, సగమే ఉంది.

"దేవుడా, ఎన్నడన్న దిగినవా బాయిల? నెత్తి మీద కొండ కదిలిన సప్పుడు ఇన్నవా? ఇంటె ఎట్ల నిద్రవోతున్నవ్?"

బాయి అంటే గని. కింద సగం పేజీ ఖాళీ.

బాలమ్మ మొహంలో నవ్వు పోయింది. "గిది పాపం గాదా వదినె? దేవుణ్ణి తిట్టినట్టు గాదా?"

నేను పటం వైపు చూశాను. పెద్ద మాటలేవీ తోచలేదు, తోచిందే చెప్పాను. "నేను దినాం గిట్లనే అడుగుత వదినె. నేను మెల్లగ అడుగుత, ఆయన గట్టిగ అడిగిండు. గంతే తేడా. పాపం లేదు."

ఆమె తల ఊపింది. తమ్ముడు చేయి చాపాడు. ఆమె పుస్తకం ఇవ్వలేదు. నా దగ్గరికి జరిగి, మగవాళ్లకు వినపడకూడదన్నట్టు అడిగింది:

"నా పేరు ఏడన్న ఉన్నదా వదినె?"

అప్పుడు అర్థమైంది, ఆమె నన్ను పిలిపించింది పాపం పుణ్యం కోసం కాదని. మొదటి నుంచి మళ్లీ తిప్పాను. రెండో జత కళ్లద్దాలు పెట్టుకుని ఇంకోసారి తిప్పాను. మల్లయ్య పేరు ఉంది. సాబు పేరు ఉంది. పంపుల నంబర్లు ఉన్నాయి. ఉందని ఒక్క అబద్ధం ఆడితే ఆమె ప్రాణం ఎంత చల్లబడేదో నాకు తెలుసు. పొద్దున అమ్మవారిని అడిగిన రెండో కోరిక ఇంత తొందరగా పనికి వస్తుందని అనుకోలేదు.

"లేదు వదినె" అన్నాను.

"లేదా" అంది. లేచి, చహా పెట్టడానికి వంటగదిలోకి పోయింది. ఈసారి ఎవరూ కదల్లేదు. గిన్నె పెట్టిన చప్పుడు, పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించాయి. తర్వాత లోపలి నుంచే ఆమె మాట్లాడింది. నాతో కాదు.

"దేవుడు దిగిండో లేదో నాకెర్క లేదు. నేనైతే దినాం దిగిన. యాళ గాని యాళ సైరన్ కూస్తే, పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి ఉరికిన. ఒక కాలుకు చెప్పున్నది, ఒక కాలుకు లేదు. బాయి కాడ అందరి మొగాలు చూసిన, నీ మొగం లేదు. ఆఖరుకు నువ్వు నవ్వుకుంట ఎక్కొచ్చినవ్. ఇంటికొచ్చి కంచం ముందట కూసున్నవ్. కూర మాడిందన్నవ్. ఎందుకు మాడిందో అడగలె."

సైరన్ వేళ తప్పి కూస్తే ఏమిటో గని కాలనీలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కింద ప్రమాదం జరిగిందని అర్థం. మా అమ్మా అలా పరుగెత్తినదే.

తమ్ముడు మఫ్లర్ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "అక్కా, రాయి" అన్నాడు. విలాస్ పెన్ను ఇచ్చాడు. ఓదెలు వదిలేసిన సగం పేజీలో, ఆయన అక్షరాల కింద నా తలుపు అక్షరాలతో ఆ మాటలన్నీ రాశాను. చహా తెచ్చి బాలమ్మ చూసింది.

"రాసినవా?"

"రాసిన."

"చదువు."

చదివాను. ఆమె తల వంచుకుని విన్నది. "గట్లనే అయింది" అంది. పుస్తకం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున పదింటికి టైర్ల దుకాణం వెనక గదిలో తొమ్మిదో పాట పట్టారు. ఆ ఒక్క పాటకు నేను దూది పెట్టుకోలేదు. బాలమ్మ టైర్ల గుట్టకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఓదెలు సగం అయ్యాక డ్రమ్ములు ఒక్కసారి ఆగాయి. తమ్ముడు ఆమె వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు: "కూర మాడిందన్నవ్! ఎందుకు మాడిందో అడగలె! ఎందుకు మాడిందో అడగలె!" గోడ మీది గుడ్ల అట్టలు అదిరాయి. పుట్టినప్పటి నుంచి వాడు ఏడుస్తుంటే ఊరుకోబెట్టినదాన్ని. మొదటిసారి వాణ్ణి ఆపాలనిపించలేదు.

అయిపోయాక మెహబూబ్ భాయ్ డ్రమ్ముల కర్రలు కింద పెట్టాడు.

"గింత గట్టిగ నేనెన్నడు అడగలె" అంది బాలమ్మ. కొంగు దించి, "ఇంకోపారి పెట్టు సదన్నా" అంది.

మొత్తం నాలుగుసార్లు పెట్టించుకుంది.

ఒకటిన్నర బస్సుకు తిరుగు ప్రయాణం. విజయ కట్టిచ్చిన సద్ది, మెహబూబ్ భాయ్ ఇచ్చిన జామకాయలు ఒళ్లో ఉన్నాయి. బల్లార్‌పూర్‌లో బస్సు ఆగినప్పుడు విలాస్ ఫోన్ చేశాడు. ఆల్బమ్ అట్ట మీద పాటలు రాసినవాళ్ల పేర్లు తెలుగులో వేస్తున్నారట. ఓదెలు పేరు పాత కేసెట్ మీద చూసి వేసుకున్నారు. "రెండో పేరు మాలో ఎవరికీ రాయ రాదు తాయీ. రాసి పంపు" అన్నాడు.

పక్క సీట్లో నర్సు చదువు చదువుతున్న రాజురా అమ్మాయి ఉంది. కాగితం, పెన్ను ఆమే ఇచ్చింది. బస్సు మళ్లీ కదలకముందే సంచి మీద కాగితం ఆనించి, పెద్ద అక్షరాలతో రాశాను. ఆ అమ్మాయి ఫోటో తీసి పంపింది.

"నాకు మాట్లాడొస్తది గని చదవరాదు పెద్దమ్మా. ఏం రాసినవ్?"

"ఒకామె పేరు" అన్నాను. రాజురా దాకా ఆమె సంగతి చెబుతూనే పోయాను. ఊరి మొదట్లో ఆ అమ్మాయి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. పాపం, నన్ను ఏమీ అనలేదు.

సాయంత్రం నాలుగున్నరకు లక్కడ్‌కోట్‌లో దిగాను. రెండు రోజుల్లో నాకు కుర్చీ వేసినవారికి, అన్నం పెట్టినవారికి, ఉన్నది ఉన్నట్టు చదివించిన అమ్మవారికి అందరికీ నా నమస్కారాలు. పోవాలనుకునేవాళ్లు పొద్దున బస్సుకే పొండి, దూది వెంట ఉంచుకోండి. ఆ పాటలు వచ్చే నెల ఫోన్లలోకి వస్తాయి. మీకు ఆ రొద పడకపోవచ్చు. నిజం చెప్పాలంటే నాకూ పడదు. వినకపోయినా ఏమీ అనుకోను. కానీ ఎప్పుడైనా మీ కంచంలో మాడిన కూర పడితే, ఒక్క మాట అనేముందు చంద్రపూర్‌లో బాలమ్మ అని ఒకామె ఉందని తలచుకోండి.